తాతగారి రివాల్వర్ బీరువాలో దొరికితే ఏం చేయాలి

మా తాతగారు పోయిన నెలకి బీరువా సర్దుతుంటే అడుగు అరలో తోలు సంచిలో ఆయన రివాల్వర్ కనపడింది, పాత వెబ్లీ కంపెనీది, .32 బోరు (బోరు అంటే గొట్టం లోపలి వెడల్పు), పక్కనే లైసెన్స్ పుస్తకం, నల్లబడిపోయిన తూటాలు కొన్ని. లైసెన్స్ ఉందిగా ఇంకేం భయం అన్నారు ఇంట్లో అందరూ. చాలామంది పొరబడేది అక్కడే అండి. తుపాకి ఆస్తి కాబట్టి వారసులకి వస్తుంది, లైసెన్స్ మాత్రం ఆ మనిషి పేరుమీదే, ఆయనతోనే సరి. ఆయన పోయాక అది ఇంట్లో ఉంచుకుంటే లైసెన్స్ లేని ఆయుధం కిందే లెక్క, 2019లో చట్టం మార్చాక దానికి శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా జైలు, పైన జరిమానా.

అందుకే ఎవరికి ఇవ్వాలి, అమ్మాలా ఉంచాలా అనేది తర్వాత, ముందు డిపాజిట్ చేయండి. ఆయుధాల చట్టం, అంటే 1959 యాక్ట్, 21వ సెక్షన్ చెప్పేది ఇదే, ఆలస్యం చేయకుండా దగ్గర్లో ఉన్న పోలీస్ స్టేషన్‌లో గానీ లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలర్ దగ్గర గానీ పెట్టాలి. స్కూటర్ డిక్కీలో వేసుకుని మీరే బయల్దేరిపోకండి. ముందు స్టేషన్‌కి వెళ్లి డెత్ సర్టిఫికెట్, లైసెన్స్ పుస్తకం చూపించి ఎలా అప్పగించాలో అడగండి, మా ఊళ్లో అయితే వాళ్లే ఇంటికొచ్చి తీసుకెళ్లారు. లోపల తూటా ఉందేమో అని మీరు తెరిచి చూడొద్దు, తెలిసినవాళ్లు చూస్తారు. పిల్లలున్న ఇంట్లో ఆ ఒక్కరోజు కూడా దానికి తాళం వేసే ఉంచండి. తూటాలు కూడా లెక్కపెట్టించి ఇచ్చేయండి, అవి విడిగా ఉంచుకున్నా నేరమే.

రసీదు మాత్రం వదలొద్దు. తయారుచేసిన కంపెనీ, బోరు, తుపాకి మీద చెక్కిన నంబరు, ఎన్ని తూటాలు, ఎలాంటి కండిషన్‌లో ఇచ్చారు, అన్నీ అందులో రాయించుకోండి. మేం మొదట ఒట్టి "రివాల్వర్ ఒకటి" అని రాసిచ్చిన కాగితం పట్టుకుని వచ్చేసి, తర్వాత దాన్ని సరిచేయించుకోడానికి నాలుగుసార్లు తిరిగాం. ఇంకోటి, డిపాజిట్‌కి గడువు ఉంటుంది, ఆలోపు లైసెన్స్ తెచ్చుకోకుండా, అమ్మకుండా వదిలేస్తే అది ప్రభుత్వపరం అయిపోతుంది, కాబట్టి ఆ తేదీ అప్పుడే అడిగి రాసిపెట్టుకోండి.

ఉంచుకోవాలనుకుంటే 2016 ఆయుధాల రూల్స్‌లో 25వ రూల్ మీకోసమే ఉంది, చనిపోయిన లైసెన్సుదారు వారసుడికి లైసెన్స్ ఇవ్వొచ్చని. జిల్లాల్లో కలెక్టరాఫీసులో, హైదరాబాద్ లాంటి చోట పోలీస్ కమిషనర్ దగ్గర అప్లై చేయాలి. 21 ఏళ్లు నిండాలి, పోలీస్ ఎంక్వైరీ ఉంటుంది, తహసీల్దార్ ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కి మీసేవలో పెట్టుకోవాలి, మిగతా వారసులందరూ మాకు అభ్యంతరం లేదని అఫిడవిట్ ఇవ్వాలి. నిజానికి ఎక్కువ టైం తినేది ఈ చివరిదే, పెద్దత్త ఒక సంతకం పెట్టకపోతే ఫైల్ కదలదు, అందుకే దినవారాలకి అందరూ కలిసినప్పుడే మాట్లాడేసుకోండి. ఒక మనిషికి రెండు తుపాకులే, మీ పేరున ఇప్పటికే రెండుంటే వారసత్వంగా వచ్చినా మూడోది కుదరదు. 9 ఎంఎం పిస్టల్ లాంటి ప్రొహిబిటెడ్ బోరు, అంటే మామూలు జనానికి నిషేధించిన రకం అయితే కలెక్టర్ చేతిలో ఉండదు, కేంద్ర హోం శాఖ దాకా వెళ్లాలి.

వద్దనుకుంటే డీలర్‌కి అమ్మొచ్చు, లేదా లైసెన్స్ ఉన్న ఇంకొకరికి. లైసెన్సుదారు తన తుపాకి ఇంకొకరికి నేరుగా అమ్మాలంటే కొనేవాళ్ల పేరు, అడ్రస్‌తో కలెక్టర్‌కి గానీ స్టేషన్‌కి గానీ రాతపూర్వకంగా చెప్పి 45 రోజులు ఆగాలి. వారసులుగా మీరు అమ్మేటప్పుడు అది డిపాజిట్‌లోనే ఉంటుంది కాబట్టి లైసెన్సింగ్ ఆఫీసులో ముందు అడిగి కదలండి.

మరీ పాతది, జమీందారీ కాలం నాటిది అయితే? బాగుచేసినా పేలని స్థితిలో ఉన్న పాతకాలపు ఆయుధాలకి 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. 2020 సవరణతో క్యూరియో, అంటే అరుదైన పాతవస్తువు కిందకి వచ్చే చిన్న ఆయుధాలు ఇంట్లో ఉంచుకోడానికి లైసెన్స్ అక్కర్లేదు, కానీ వాడాలన్నా, ఒకచోటి నుంచి ఇంకోచోటికి తీసుకెళ్లాలన్నా కావాలి. మనదేమో ఈ లెక్కలోకి వస్తుందని మనమే అనుకుంటే చాలదు, లైసెన్సింగ్ ఆఫీసు నుంచి రాతలో తీసుకోండి. అసలు లైసెన్స్ పుస్తకమే దొరకని తుపాకి అయితే ముందు లాయర్‌ని కలిసి, ఆయన ద్వారానే అప్పగించండి. అమెరికాలో ఉన్న తమ్ముడు గుర్తుగా తీసుకెళ్తానంటే సూట్‌కేసులో పెట్టనివ్వకండి, వందేళ్లు దాటి పురావస్తువు అయితే 1972 చట్టం ప్రకారం ప్రైవేటు వాళ్లు దేశం దాటించడానికే లేదు.

తాతగారు ఇంకా ఉన్నవాళ్లు ఇది మాత్రం వినండి. ఆయనకి 70 ఏళ్లు నిండినా, తుపాకి ఆయన దగ్గర 25 ఏళ్లు ఉన్నా, బతికుండగానే వారసుల్లో ఒకరిని నామినేట్ చేసి వాళ్ల పేరున లైసెన్స్ అడగొచ్చు. ఆయన లైసెన్స్ పుస్తకంలో యూఐఎన్, అంటే లైసెన్సుదారుకి ఇచ్చే ప్రత్యేక గుర్తింపు నంబర్ ఎక్కిందో లేదో కూడా ఈ వారమే చూడండి, లేకపోతే ఆయన్నే ఆఫీసుకి తీసుకెళ్లి అడగండి.