నౌపడ నుంచి గుణుపురం దాకా: సీఎస్‌ఎస్‌లో వరుస స్థానాన్ని బట్టి రంగులు వేయడం

సీఎస్‌ఎస్ అంటే వెబ్ పేజీల రంగులు, రూపురేఖలు నిర్ణయించే భాష. పర్లాకిమిడిలో ఉండే మాకు బాగా తెలిసిన రైలు మార్గాన్నే ఉదాహరణగా తీసుకుందాం. ఒక టేబుల్‌లో నౌపడ, టెక్కలి, టెంబూరు, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం అని ఏడు వరుసలు ఉన్నాయనుకోండి. మొదటి నాలుగు స్టేషన్లు ఆంధ్రలోవి, చివరి మూడు ఒడిశాలోవి. కింద తెలుగులో రాసిన సంకేతాలను కోడులో ఇంగ్లీషు అక్షరాలతోనే టైపు చేయాలి.

వరుస విడిచి వరుసకు రంగు రావాలంటే టీఆర్:ఎన్‌త్-చైల్డ్(ఈవెన్) అని రాస్తే చాలు. టీఆర్ అంటే టేబుల్‌లోని వరుస, ఎన్‌త్-చైల్డ్ అంటే ఇన్నో స్థానంలో ఉన్నది, ఈవెన్ అంటే సరి సంఖ్య. టెక్కలి, పాతపట్నం, కాశీనగర్ వరుసలకు రంగు పడుతుంది. ఒడిశా స్టేషన్లు మాత్రమే కావాలంటే బ్రాకెట్లలో ఎన్+5 అని రాయాలి. ఇక్కడ ఎన్ విలువ సున్నాతో మొదలై ఒక్కొక్కటిగా పెరుగుతుంది కాబట్టి 5, 6, 7 వరుసలు దొరుకుతాయి. -ఎన్+4 అంటే 4, 3, 2, 1 వచ్చి, ఆ తరువాత సున్నా, రుణ సంఖ్యలు రావడంతో లెక్క అక్కడే ఆగుతుంది.

నేను మొదట్లో తడబడింది శీర్షిక వరుస దగ్గర. టీహెడ్ (శీర్షిక భాగం), టీబాడీ (మిగతా వరుసల భాగం) ట్యాగులు రాయకుండా వరుసలన్నీ నేరుగా టేబుల్‌లో పెడితే, బ్రౌజరు తానే ఒక టీబాడీని సృష్టించి శీర్షికతో సహా అన్నిటినీ అందులో చేరుస్తుంది. అప్పుడు శీర్షికే ఒకటోది అవుతుంది, పర్లాకిమిడి ఆరోది అవుతుంది, ఎన్+5 రంగు పాతపట్నం మీద పడి ఆ ఊరిని ఒడిశాలో కలిపేస్తుంది! శీర్షికను టీహెడ్‌లో పెట్టండి. లెక్క ఎప్పుడూ ఒకే తల్లి ఎలిమెంటు (వరుసలను తనలో ఉంచుకున్న టీహెడ్ లేదా టీబాడీ లాంటిది) కింద ఉన్న పిల్లల మధ్యనే సాగుతుంది.

ఇంకో చిక్కు ఉంది. ఒడిశా వరుసలకు ఒడిశా అనే క్లాసు (గుర్తింపు కోసం మనం పెట్టే పేరు) ఇచ్చి, వాటిలో మొదటిది కావాలని టీఆర్.ఒడిశా:ఎన్‌త్-చైల్డ్(1) అని రాస్తే ఏదీ దొరకదు. క్లాసు చూసి ఆ తరువాత లెక్కపెడుతుందని మనం అనుకుంటాం గానీ, బ్రౌజరు స్థానాన్ని అన్ని వరుసల్లోనూ లెక్కిస్తుంది. ఒకటో వరుస నౌపడ, దానికి ఆ క్లాసు లేదు. టీఆర్:ఎన్‌త్-చైల్డ్(1 ఆఫ్ .ఒడిశా) అని రాస్తే పర్లాకిమిడి దొరుకుతుంది. ఒకే రకం ట్యాగులను మాత్రమే లెక్కించే ఎన్‌త్-ఆఫ్-టైప్ ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే అన్నీ టీఆర్‌లే.

నా మటుకు చారల రంగుకే స్థానాన్ని వాడతాను. రాష్ట్రాన్ని బట్టి వేసే రంగుకు క్లాసే మేలు, ఎందుకంటే రేపు మధ్యలో ఒక స్టేషను చేరిస్తే అంకెలన్నీ జరిగిపోతాయి. ఆఫ్ రూపం క్రోమ్‌లోకి, ఫైర్‌ఫాక్స్‌లోకి 2023లోనే వచ్చింది కాబట్టి, దాన్ని కామాతో వేరే సెలెక్టరుకు (రంగు ఎవరికి వేయాలో చెప్పే భాగానికి) జోడించకుండా విడి నియమంగా రాయండి. లేకపోతే అది అర్థం కాని పాత బ్రౌజరు ఆ నియమం మొత్తాన్నీ వదిలేస్తుంది.