ఉప్పలపాడుకొచ్చిన వెయ్యిలో ఊరికి మిగిలేదెంత? లెక్క తీసే పద్ధతి

పక్షుల్ని చూడటానికి జనం వస్తే ఊరు బాగుపడుతుందంటారు. ఎంత బాగుపడింది, పక్షులకు ఎంత నష్టమైంది అని లెక్క చూసేవాళ్లు తక్కువ. గుంటూరు పక్కన ఉప్పలపాడు పక్షుల చెరువు దగ్గర ఇద్దరు కూర్చుంటే రెండు రోజుల్లో తేలిపోయే పని ఇది. చలికాలంలో ఒక ఆదివారం, ఒక మంగళవారం ఎంచుకోండి. ఆదివారం ఒక్కటే చూస్తే ఏడాదంతా తిరునాళ్లే అన్నట్టు అంకె వస్తుంది.

డబ్బు సంగతి లోపలికెళ్లేవాళ్లను కాదు, తిరిగి వెళ్లేవాళ్లను అడగాలి. ప్రతి మూడో బండిని ఆపండి, కనీసం 30 బండ్లు. మాట కలిపేవాళ్లనే అడిగితే లెక్క వంకర పోతుంది. ఖర్చు బండికి ఎంతో రాసుకుని, తర్వాత మనుషులతో భాగించండి.

విజయవాడ నుంచి వచ్చిన కుటుంబానికి 1,000 రూపాయలు అయిందనుకుందాం. పెట్రోలు 350, దారిలో టిఫిన్లు 400. ఈ రెండూ ఊరి దాకా రానే రాలేదు. టికెట్లు 100, చిప్సు 50, జామకాయలు 50, టీలు 50. చిప్సు మీద కొట్టుకు మిగిలేది ఐదారు రూపాయలు. జామకాయలు ఊరి తోటవైతే యాభైకి యాభై ఊళ్లోనే. టీలో ఊరి పాలు, కూలి కలిపి ముప్పై వేయండి. మొత్తం 85. అమ్మకాన్నే ఆదాయంగా రాసేయడం ఇక్కడ అందరూ చేసే తప్పు.

మరి టికెట్ డబ్బు? ఎవరి ఖాతాకు పోతుందో, ఊరివాళ్లకు జీతంగా ఎంత తిరిగొస్తుందో కాగితం చూసేదాకా సున్నా వేయండి. ఆఫ్రికాలోని రువాండాలో గొరిల్లాల్ని చూడటానికి విదేశీయులకు పర్మిట్ 1,500 డాలర్లు. పార్కుల ఆదాయంలో చుట్టుపక్కల ఊళ్లకిచ్చే వాటాను 2017లో 5 శాతం నుంచి 10కి పెంచారు. అక్కడ వాటా రాతలో ఉంది, కాబట్టి అడగడానికి వీలుంది.

రెండో మనిషి పని పక్షుల దగ్గర. గూళ్లున్న ఒకే చెట్టును పట్టుకుని గంటకు 15 నిమిషాలు చూడాలి. గూడబాతులో, ఎర్రకాళ్ల కొంగలో ఒక్కసారిగా లేచిన ప్రతిసారీ గీత పెట్టి, పక్కన కారణం రాయాలి: హారన్, స్పీకర్, డ్రోన్, కంచె దాటిన సెల్ఫీ. తల్లి లేచిన కాసేపటికే కాకి గుడ్డెత్తుకుపోతుంది, పిల్ల ఎండకు మాడుతుంది. మంగళవారం గీతల్ని ఆదివారం గీతల్లోంచి తీసేస్తే మిగిలింది జనం వల్ల. సాయంత్రం చెత్తను కాటా మీద తూచండి, ప్లాస్టిక్ వేరుగా.

నీళ్లు పచ్చబడ్డాయని, చెట్లు ఎండాయని సందర్శకుల ఖాతాలో వేయకండి. వేల పక్షుల రెట్టలకు అవి మామూలే. పక్షుల సంఖ్యను ఏటా పోల్చాలంటే ఆరోజు నీటిమట్టం కూడా రాసుకోండి. నీరు తగ్గినా పక్షులు తగ్గుతాయి. లెక్కపెట్టే మనిషిని మాత్రం మార్చొద్దు, ఒకరి కంటికి నూరైన గుంపు ఇంకొకరి కంటికి నూటయాభై.