డిమెన్షియా పరిశోధనకు గ్రాంటు తెచ్చుకోవడం ఎలా? కర్నూలు, అనంతపురం, కడప నుంచి అప్లై చేసేవాళ్లకు

గ్రాంటు అనగానే మన కాలేజీల్లో చాలామంది మొదట్లోనే చేతులెత్తేస్తారు. అవన్నీ నిమ్హాన్స్ వాళ్లకు, ఎయిమ్స్ వాళ్లకు వచ్చేవి, మన లెటర్‌హెడ్ చూస్తే ఎవరు ఇస్తారు అంటారు. అందులో కొంత నిజం ఉంది. పెద్ద సంస్థలో ల్యాబు ఉంటుంది, గ్రాంటు పేపర్లు చూసే ఆఫీసు ఉంటుంది, పక్క గదిలోనే ఇంతకుముందు గ్రాంటు తెచ్చుకున్న సీనియర్ ఉంటారు. కానీ డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు) విషయానికొస్తే వాళ్లకు సులువుగా దొరకనివాళ్లు మన చుట్టూ ఉన్నారు. బడికి పోని పెద్దవాళ్లు, రెండు మూడు భాషల్లో బతికిన పెద్దవాళ్లు, పిల్లలు వలసపోతే ఊళ్లో మిగిలిపోయిన పెద్దవాళ్లు. ఈ జబ్బు మీద ఇప్పటిదాకా జరిగిన పరిశోధన ఎక్కువగా ధనిక దేశాల్లోని చదువుకున్నవాళ్ల మీద జరిగింది. అందుకే మనవాళ్ల గురించి అడిగే మంచి ప్రశ్నకు గిరాకీ ఉంది. ఆ ప్రశ్న దగ్గరి నుంచి డబ్బు చేతికి వచ్చేదాకా ఏం చేయాలో వరుసగా చెబుతాను. మీరు ఎండీ చేస్తున్నా, పీహెచ్‌డీ ముగించినా, అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా కొన్నేళ్లు గడిచినా ఇది పనికొస్తుంది.

1. ముందు ప్రశ్న పట్టుకోండి

గ్రాంటు కాల్ (అప్లికేషన్లు పంపమని ఇచ్చే ప్రకటన) చూసి దానికి తగ్గట్టు ప్రశ్న అల్లుకోవడం ఎక్కువమంది చేసే పని, రివ్యూ చేసేవాళ్లకు అది ఇట్టే తెలిసిపోతుంది. మీ ఓపీ నుంచి, మీ ఊళ్ల నుంచి మొదలుపెట్టండి.

ఉదాహరణకు లెక్కలే తీసుకోండి. లాసీ డాడ్ అనే జాతీయ అధ్యయనం 2023లో ఇచ్చిన అంచనా ప్రకారం మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. ఇలాంటి సర్వేల నుంచి కర్నూలుకు ఎంత, కడపకు ఎంత అని జిల్లాల వారీ లెక్క తీయలేం. అక్కడే ఒక ఖాళీ కనబడుతోంది.

తర్వాత పరీక్షలు. జ్ఞాపకశక్తి చూడటానికి అందరూ వాడే ఎంఎంఎస్ఈలో చదవమంటారు, ఒక వాక్యం రాయమంటారు, బొమ్మ గీయమంటారు, ఈరోజు తారీఖు అడుగుతారు. ఆలూరు దగ్గర పల్లెలో ఒక అవ్వ తారీఖు చెప్పకపోవచ్చు, అమావాస్య పోయి ఎన్ని దినాలైందో మాత్రం ఠక్కున చెబుతుంది. ఆమెకు మార్కు పోయినట్టా, వచ్చినట్టా? బడికి పోనివాళ్లకు ఏ పరీక్ష సరిగ్గా పనిచేస్తుంది, ఎన్ని మార్కుల దగ్గర గీత గీయాలి అన్నది గ్రాంటు అడగదగ్గ ప్రశ్న. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ల న్యూరో కాగ్నిటివ్ టూల్ బాక్స్, అంటే జ్ఞాపకశక్తినీ ఆలోచననూ చూసే పరీక్షల కట్ట, తెలుగులో కూడా ఉంది, కాబట్టి సున్నా నుంచి మొదలుపెట్టాల్సిన పని లేదు.

ఇంకోటి భాషలు. న్యూరాలజిస్టు సువర్ణ అల్లాడి గారి బృందం హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది డిమెన్షియా పేషెంట్ల రికార్డులు చూసి 2013లో ఒక పేపర్ వేసింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు లక్షణాలు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయని, అసలు చదువుకోనివాళ్లలో కూడా ఆ తేడా కనబడిందని అందులో తేలింది. రాయదుర్గం, ఆదోని వైపు తెలుగూ కన్నడమూ కలిసి నడుస్తాయి, కర్నూలు, కడప టౌన్లలో తెలుగూ ఉర్దూ. ఆ ప్రశ్నను ముందుకు తీసుకుపోవడానికి ఇంతకంటే మంచి చోటు ఎక్కడుంది? ఇక వలస సంగతి. ఆదోని, పత్తికొండ వైపు కుటుంబాలు మిరపకాయల కోతకు గుంటూరు వైపో, కూలికి బెంగళూరో పోతే డిమెన్షియా ఉన్న పెద్దాయనకు అన్నం పెట్టేది ఎవరు, మందు వేసేది ఎవరు? నేనైతే దీని మీద మంచి పరిశోధన రావాలని గట్టిగా కోరుకుంటున్నాను.

2. మీరు ఏ దశలో ఉన్నారో తేల్చుకోండి

ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాసుకోండి: మీ వయసు, పీహెచ్‌డీ లేదా ఎండీ వచ్చిన తేదీ, ఉద్యోగం రెగ్యులరా కాంట్రాక్టా, మధ్యలో ప్రసూతికో అనారోగ్యానికో తీసుకున్న విరామాలు. అర్హత చాలా వరకు వీటిమీదే తిరుగుతుంది. విరామాలను చాలా పథకాలు లెక్కలోంచి తీసేస్తాయి, ఈ సంగతి తెలియక మన ఆడపిల్లలు ఎంతోమంది అర్హత ఉండి కూడా అప్లై చేయకుండా ఆగిపోతున్నారు.

3. డబ్బు రాకముందే చేయగలిగిన పని చేయండి

పైలట్ డేటా (ముందుగా చిన్నగా చేసి చూసిన పని ఫలితాలు) లేకుండా పెద్ద గ్రాంటు రావడం కష్టం. పైలట్‌కు డబ్బు కావాలి కదా అంటారు, ప్రతిసారీ అక్కర్లేదు. లాసీ (దేశమంతటా పెద్దవాళ్ల మీద జరిగే సర్వే) డేటా, దానిలో భాగమైన లాసీ డాడ్ డేటా పరిశోధకులకు ఉచితంగా దొరుకుతాయి, రిజిస్టర్ చేసుకుని దించుకోవచ్చు. స్టాటిస్టిక్స్ తెలిసిన ఒక మనిషి తోడుంటే ఒక్క రూపాయి ఖర్చు లేకుండా పేపర్ రాయొచ్చు.

మీరు మెడికల్ కాలేజీలో ఫ్యాకల్టీ అయితే మీ ఎంబీబీఎస్ విద్యార్థుల చేత ఐసీఎంఆర్ షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్‌కు అప్లై చేయించండి. అది రెండు నెలల పని. విద్యార్థికి స్టైపెండు, మీకు చిన్న పైలట్. ఓపీకి వచ్చే బీపీ, షుగర్ పేషెంట్లలో 60 దాటినవాళ్లకు వినికిడి, చూపు, జ్ఞాపకశక్తి మూడూ కలిపి చూడటం ఆ రెండు నెలల్లో అయ్యే పనే. లాన్సెట్ వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2024లో డిమెన్షియాకు చెప్పిన 14 ముప్పు కారణాల్లో బీపీ, షుగర్, వినికిడి లోపం, సరిచేయని చూపు, చిన్నప్పటి చదువు లేమి అన్నీ ఉన్నాయి. వాటన్నిటినీ సరిచేయగలిగితే దాదాపు 45 శాతం డిమెన్షియాను ఆపడమో వెనక్కి నెట్టడమో చేయొచ్చని ఆ నివేదిక అంచనా. మన దగ్గర ఎన్‌సీడీ (బీపీ, షుగర్ లాంటి అంటుకోని జబ్బులు) స్క్రీనింగ్‌కు ఆశాలు, ఏఎన్ఎంలు ఇంటింటికీ తిరుగుతూనే ఉన్నారు, డీఎంహెచ్ఓ (జిల్లా వైద్యాధికారి) గారి అనుమతితో వాళ్లతో కలిసి పనిచేసే దారి వెతకండి.

4. ఇప్పుడు డబ్బు ఎక్కడుందో చూద్దాం

దేశం లోపల ముందు చూడాల్సింది ఐసీఎంఆర్. బయటి సంస్థలకు ఇచ్చే ఎక్స్‌ట్రామ్యూరల్ గ్రాంట్లలో స్మాల్ గ్రాంటు 2 కోట్ల దాకా, ఇంటర్మీడియట్ గ్రాంటు 8 కోట్ల దాకా. 'స్మాల్' పేరు చూసి చిన్నది అనుకోకండి, అసిస్టెంట్ ప్రొఫెసర్ మొదటి ప్రాజెక్టుకు అది చాలా పెద్ద డబ్బు, అందులో పావు వంతు అడిగినా మంచి పని జరుగుతుంది.

మీరు సైన్స్, ఫార్మసీ, ఇంజనీరింగ్ వైపు ఉంటే, అంటే శ్రీకృష్ణదేవరాయలో, యోగి వేమనలో, రాయలసీమ యూనివర్సిటీలో, జేఎన్‌టీయూలో ఉంటే, ఏఎన్ఆర్ఎఫ్ (కేంద్రం పరిశోధనకు డబ్బిచ్చే సంస్థ) చూడండి. పాత సెర్బ్ స్థానంలో 2023 చట్టంతో వచ్చింది ఇదే. ప్రైమ్ మినిస్టర్ ఎర్లీ కెరీర్ రీసెర్చ్ గ్రాంటు కింద మూడేళ్లకు 60 లక్షల దాకా ఇస్తారు, వయసు 42 లోపు ఉండాలి, మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు మూడేళ్ల సడలింపు ఉంది. పీహెచ్‌డీ కొత్తగా ముగించినవాళ్లకు నేషనల్ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్ వేరుగా ఉంది. సైకాలజీ, భాషాశాస్త్రం, కంప్యూటర్ సైన్స్ వాళ్లు డీఎస్టీ (కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ) కాగ్నిటివ్ సైన్స్ రీసెర్చ్ ఇనిషియేటివ్ మీద ఒక కన్నేసి ఉంచండి. తెలుగు మాటతీరును బట్టి జబ్బును తొందరగా పసిగట్టే పనికి అది సరిపోతుంది. విరామం తర్వాత తిరిగి వస్తున్న మహిళలకు డీఎస్టీ వైజ్ పథకాలు, డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ శాఖ) బయోకేర్ ఉన్నాయి. విదేశం నుంచి తిరిగి వద్దామనుకునేవాళ్లకు డీబీటీ రామలింగస్వామి ఫెలోషిప్.

ఇండియా అలయన్స్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. డీబీటీ, బ్రిటన్‌లోని వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి 2008లో మొదలుపెట్టిన ఈ సంస్థ ఆఫీసు హైదరాబాద్‌లోనే. ఎర్లీ కెరీర్, ఇంటర్మీడియట్ ఫెలోషిప్‌లు ఇస్తారు, క్లినికల్, పబ్లిక్ హెల్త్ వాళ్లకు కూడా. ఇంకా ఇద్దరు ముగ్గురు పరిశోధకులు కలిసి అడిగే కొలాబరేటివ్ గ్రాంట్లు ఉన్నాయి. 2025 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం దీని మూడో దశకు 1,500 కోట్లు ఆమోదించింది, అందులో 1,000 కోట్లు డీబీటీవి, 500 కోట్లు వెల్‌కమ్‌వి. రెండో, మూడో స్థాయి పట్టణాల్లో పని పెంచాలన్నది ఈ దశ లక్ష్యాల్లో ఒకటి. కర్నూలు, అనంతపురం, కడప వాళ్లు ఆ మాటను పట్టుకోవాలి. వెల్‌కమ్ నేరుగా ఇచ్చే ఎర్లీ కెరీర్ అవార్డుకు భారతదేశంలోని సంస్థల నుంచి అప్లై చేయడం కుదరదు, మనకు దారి ఇండియా అలయన్సే. చాలామంది అక్కడ టైము వృథా చేసుకుంటున్నారు కాబట్టి చెబుతున్నాను.

బయటి దేశాల్లో అన్నిటికంటే ముందు అమెరికాలోని అల్జీమర్స్ అసోసియేషన్. పోస్ట్‌డాక్‌లకు రీసెర్చ్ ఫెలోషిప్, కొత్త ఫ్యాకల్టీకి రీసెర్చ్ గ్రాంటు ఇస్తుంది, వేరే దేశాల వాళ్లూ అడగొచ్చు. ముందు లెటర్ ఆఫ్ ఇంటెంట్ పంపాలి, అది నచ్చి వాళ్లు పిలిస్తేనే పూర్తి అప్లికేషన్. బ్రైట్‌ఫోకస్ ఫౌండేషన్ కూడా ఇలాగే విదేశీ పరిశోధకులకు ఇస్తుంది, అక్కడ ఎక్కువగా ల్యాబు సైన్స్‌కు అవకాశం. యూరప్ పోయి పనిచేద్దామనుకుంటే మేరీ క్యూరీ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్, పీహెచ్‌డీ తర్వాత ఎనిమిదేళ్ల పరిశోధన అనుభవం దాటకూడదు, సాధారణంగా సెప్టెంబరులో ముగుస్తుంది. గ్లోబల్ బ్రెయిన్ హెల్త్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ల అట్లాంటిక్ ఫెలోషిప్ కింద డబ్లిన్‌లోనో శాన్ ఫ్రాన్సిస్కోలోనో ఏడాది శిక్షణ ఉంటుంది, డాక్టర్లకే కాదు, సామాజిక శాస్త్రాల వాళ్లకు, జర్నలిస్టులకు, కళాకారులకు కూడా. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్ డబ్బులో భాగస్వామిగా చేరడం ఒకప్పుడు మంచి దారి, కానీ 2025 మేలో విదేశీ సబ్‌అవార్డుల (అక్కడి గ్రాంటులోంచి బయటి దేశాల భాగస్వాములకు ఇచ్చే వాటా) నియమాలు మార్చారు కాబట్టి దాని మీదే ఆశ పెట్టుకోకండి.

తేదీలు, మొత్తాలు ఏటా మారతాయి. కాల్ డాక్యుమెంటు మీరే మొదటి పేజీ నుంచి చివరిదాకా చదవాలి, వాట్సాప్‌లో వచ్చిన సారాంశం చాలదు.

5. తోడు వెతుక్కోండి

ఒంటరిగా రాసిన ప్రపోజల్ కంటే నిమ్హాన్స్ న్యూరాలజిస్టో, ఐఐఎస్‌సీలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ వాళ్లో కో-ఇన్వెస్టిగేటర్‌గా ఉన్న ప్రపోజల్‌ను ఎక్కువ నమ్ముతారు. ఆ సెంటర్ వాళ్లు కోలారు జిల్లా శ్రీనివాసపురలో పల్లె జనం మీద ఏళ్ల తరబడి నడిచే అధ్యయనం చేస్తున్నారు. అది మన సరిహద్దు పక్కనే, తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్న ప్రాంతం. వాళ్లకు మెయిల్ రాసేటప్పుడు 'నాకు గైడెన్స్ కావాలి సార్' అని రాస్తే జవాబు రాకపోవచ్చు. ఒక పేజీలో మీ ప్రశ్న ఏంటి, నెలకు ఎంతమంది పేషెంట్లు వస్తారు, వాళ్లవైపు నుంచి ఏం కావాలి అని రాసి పంపండి, పది రోజుల తర్వాత మర్యాదగా గుర్తు చేయండి. ఒక జాగ్రత్త: పేషెంట్లను వెతికిపెట్టే పని మనకు, పేపర్లో మొదటి పేరు వాళ్లకు అయ్యేలా ఒప్పుకోకండి. ఎవరు ఏం చేస్తారో, డేటా ఎక్కడుంటుందో మొదట్లోనే రాసుకోండి.

6. కాగితాలు

ఎక్కువ ప్రపోజల్స్ ఆగిపోయేది ఇక్కడే. మీ కాలేజీ ఎథిక్స్ కమిటీ డీహెచ్ఆర్ (కేంద్ర ఆరోగ్య పరిశోధన శాఖ) దగ్గర రిజిస్టర్ అయి ఉందా, గడువు తీరిపోయిందా, తదుపరి మీటింగ్ ఎప్పుడు అని ఈరోజే కనుక్కోండి. డిమెన్షియాలో సమ్మతి పత్రం మామూలు జబ్బులా ఉండదు. పేషెంటుకు విషయం అర్థం కాని దశ వస్తే చట్టప్రకారం ఆయన తరఫున ఒప్పుకోగలిగిన బంధువు సంతకం కావాలి, అయినా పేషెంటు తల అడ్డంగా ఊపితే ఆపేయాలి. చదువురానివాళ్లకు వేలిముద్ర, పక్కన సంబంధం లేని సాక్షి. ఇవన్నీ మొదటి డ్రాఫ్టులోనే రాస్తే కమిటీ వెనక్కి పంపదు.

విదేశీ డబ్బు అయితే ఇంకో రెండు. మీ సంస్థకు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషనో, మినహాయింపో ఉందా అని అకౌంట్స్ సెక్షన్‌లో అడగండి. ఐసీఎంఆర్‌లో ఉండే హెల్త్ మినిస్ట్రీ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కూడా కావాలి. రక్తం శాంపిల్స్ దేశం దాటించే ప్లాన్ ఉంటే దీనికి చాలా ముందు నుంచే సిద్ధం కావాలి. కేంద్రం డబ్బుకైతే సంస్థకు పీఎఫ్ఎంఎస్ (కేంద్రం నిధుల చెల్లింపులు నడిచే ఆన్‌లైన్ వ్యవస్థ) నమోదు ఉండాలి. ప్రిన్సిపల్ గారి, రిజిస్ట్రార్ గారి సంతకం చివరి తేదీకి రెండు వారాల ముందే తీసుకోండి.

7. బడ్జెట్ నిజాయితీగా వేయండి

మన దగ్గర అయ్యే ఖర్చులే రాయండి. పల్లెలకు తిరగడానికి బండి, తెలుగూ కన్నడమూ లేదా ఉర్దూ వచ్చిన ఫీల్డ్ వర్కర్ల జీతం, ఎంఆర్ఐ, పేషెంటుతో వచ్చే మనిషికి పోయిన కూలి డబ్బు. పీ-టావు 217 (అల్జీమర్స్ జాడ చూపే ప్రోటీన్) లాంటి రక్త పరీక్షలు చేయాలనుకుంటే మైనస్ 80 ఫ్రీజర్, దానికి కరెంటు పోతే జనరేటర్, బెంగళూరుకో హైదరాబాద్‌కో డ్రై ఐస్‌లో పంపే ఖర్చు. ఫ్రీజర్ లేదని దిగులు వద్దు, డీహెచ్ఆర్ డబ్బుతో పెట్టిన మల్టీ డిసిప్లినరీ రీసెర్చ్ యూనిట్ మీ కాలేజీలో ఉంటే అక్కడ అడగండి. తక్కువ అడిగితే తొందరగా ఇస్తారన్నది అపోహ, పని జరగని బడ్జెట్ చూస్తే అనుభవం లేదనుకుంటారు.

8. రాసి, చదివించి, పంపండి

మొదటి పేజీని డిమెన్షియా గురించి తెలియని ఒక టీచరుకు ఇచ్చి చదివించండి. ఆయనకు అర్థం కాకపోతే వేరే స్పెషాలిటీ నుంచి వచ్చే రివ్యూయర్‌కూ అర్థం కాదు. రాయలసీమ వెనుకబడిన ప్రాంతం కాబట్టి ఇవ్వండి అని రాయొద్దు, ఈ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఎందుకు బాగా దొరుకుతుందో రాయండి.

రాలేదు అని మెయిల్ వస్తే రివ్యూ వ్యాఖ్యలు ఉన్నాయేమో అడిగి తీసుకోండి. ఇదే ప్రపోజల్‌ను సరిచేసి మళ్లీ పంపడానికి చాలాచోట్ల వీలుంటుంది, లేదంటే ఐసీఎంఆర్‌కు రాసినదాన్ని రెండు వారాల్లో ఇండియా అలయన్స్ రూపంలోకి మార్చొచ్చు. వస్తే మాత్రం ముందు అకౌంట్స్ సెక్షన్‌తో కూర్చోండి, ఎందుకంటే మొదటి ఏడాది యుటిలైజేషన్ సర్టిఫికెట్ (డబ్బు ఎలా ఖర్చయిందో చూపే పత్రం), ప్రోగ్రెస్ రిపోర్టు వెళ్లకపోతే రెండో ఏడాది డబ్బు ఆగిపోతుంది, ఫీల్డ్ వర్కర్లకు జీతాలు ఆగుతాయి, ఇంటింటికీ తిరిగి నమ్మకం సంపాదించిన ఆ పిల్లలు వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లిపోతారు.