పేరు పట్టుకుని పామును పోల్చుకోవడం

మాది దివిసీమ. పాము కనబడని కోతల కాలం నాకు గుర్తులేదు. మా చేలోకి వచ్చే కూలీలకు, పిల్లలకు ఒకటే చెబుతాను: పదడుగుల దూరంలో ఆగండి, పేరులో ఉన్నది పాము ఒంటిమీద ఉందేమో చూడండి. మన పాత పేర్లు ఉత్తినే పెట్టినవి కావు.

కట్లపాము చూడండి. మెరిసే నల్లటి ఒంటికి అడ్డంగా సన్నటి తెల్లటి కట్లు. తోక వైపు బాగా తెలుస్తాయి, మెడ దగ్గర మాసిపోతాయి. తల ఒక్కటే చూసి ‘కట్లు లేవు’ అనుకోవద్దు. ఇది రాత్రి తిరుగుతుంది. మా తమ్ముణ్ని చాప మీద నిద్రలో కరిచింది. నొప్పి లేదు, వాపు లేదు. తెల్లవారుజామున కడుపునొప్పంటే అమ్మ వాము నమిలించింది. కనురెప్పలు వాలిపోయాకగానీ మాకు తెలియలేదు. బతికాడు. అప్పటినుంచి మా ఇంట్లో కింద పడుకున్నా దోమతెర అంచులు పరుపు కిందికి దోపాల్సిందే.

రక్తపింజరకు ఇంకో పేరు కాటుకరేకుల పొడ. పొడ అంటే మచ్చ. గోధుమరంగు ఒంటిమీద కాటుక దిద్దిన రేకుల్లా మూడు వరుసల మచ్చలు. బుస కుక్కర్ ఆవిరిలా వినిపిస్తుంది. కరిస్తే చిగుళ్లలోంచి కూడా రక్తం కారవచ్చు. 1780లలో విశాఖపట్నంలో ఉన్న పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండ్ వైద్యుడు, 1796లో అచ్చయిన తన పాముల పుస్తకంలో మనవాళ్లు పిలిచే పేర్లు రాసుకున్నాడు. ఈ పాముకు ఇప్పుడు శాస్త్రంలో ఉన్నది ఆయన పేరే. ఇక కట్లపాముల ప్రజాతిని ప్రపంచమంతా పిలిచే ‘బుంగారస్’ మన ‘బంగారు’ నుంచి వచ్చింది! ఆ సంగతి తెలిసిన రోజు చేలో అందరికీ చెప్పాను.

తాచు పడగ మీది గుర్తు, కాళీయుడి మీద కృష్ణుడు మోపిన పాదాలని నాయనమ్మ చెప్పేది. పడగ విప్పకపోతే మాత్రం తాచును జెర్రిపోతు అనుకునే ప్రమాదముంది. అనుమానం వస్తే వెనక్కి రండి. జెర్రిపోతు తాచుకు మగది కాదు, వేరే పాము. విషం లేదు, ఎలుకలను తింటుంది. దాన్ని చంపొద్దు.

కరిస్తే తాడు బిగించొద్దు, గాయం కోయొద్దు. కరిచిన చెయ్యో కాలో కదలకుండా చూసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏ వేళ కరిచిందో చెప్పండి. పామును పట్టి తేవక్కర్లేదు: తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ విరుగుడు మందు ఒకటే.