రైలు డిటెక్టివ్ సినిమాలు ఎలా చూడాలంటే

ముందు 1946 నాటి ‘టెర్రర్ బై నైట్’ చూడండి. గంట సినిమానే. లండన్ నుంచి ఎడిన్‌బరో వెళ్ళే రైల్లో ఒక వజ్రానికి కాపలాగా షెర్లాక్ హోమ్స్ ఉంటాడు. ఎవరు ఏ కంపార్ట్‌మెంట్‌లో ఉన్నారో కాగితం మీద రాసుకుంటూ చూస్తే సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

తర్వాత 1952లో వచ్చిన ‘ది నారో మార్జిన్’. నాకు ప్రాణం ఈ సినిమా. చిన్న బడ్జెట్, 71 నిమిషాలు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే చూడండి, ఎందుకంటే ఇందులో నేపథ్య సంగీతం ఉండదు, రైలు చప్పుళ్ళే టెన్షన్ పెంచుతాయి. డిటెక్టివ్ కాపలాలో రైల్లో వెళ్తున్న ఆవిడ గోళ్ళు అరగదీసుకుంటుంటే చెయ్యి ముందుకీ వెనక్కీ ఆడుతుంది, అదే ఊపులో షాట్ మారి ఇంజిన్ చక్రాల కడ్డీ కనిపిస్తుంది. అక్కడ వెనక్కి జరిపి ఇంకోసారి చూడండి. కిటికీ అద్దాల మీదా ఒక కన్నేసి ఉంచండి, ఎందుకో చెప్పను.

ఆ అద్దం సంగతి స్వయంగా తెలుసుకోవాలంటే, మా తిరుపతి నుంచి పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడి వెళ్ళే దారిలో చీకటి పడ్డాక ఏసీ బోగీలో కిటికీ పక్కన కూర్చోండి. బయట ఏమీ కనబడదు, మీ వెనక నడిచే ప్రతి మనిషీ అద్దంలో కనిపిస్తాడు.