కొళాయి నీళ్లా, టిన్ను నీళ్లా? ముందు సంపు మూత తీసి చూడండి

కోనసీమలో ఇళ్ల ట్యాంకులు, సంపులు (నేలలో కట్టిన నీటి తొట్లు), మోటార్లు బాగుచేయడం నా పని. ఏ ఇంటికి వెళ్లినా ఒకటే ప్రశ్న: "పిల్లలకు కొళాయి నీళ్లు మంచివా, టిన్ను నీళ్లు మంచివా? కుక్కకు ఏవి పొయ్యాలి?" నేను చెప్పే మొదటి పని కూడా ఒకటే. రెండు గాజు గ్లాసులు తీసుకోండి. ఒకదానిలో గేటు దగ్గర, అంటే వీధి గొట్టం మీ ఇంట్లోకి వచ్చే చోట నీళ్లు పట్టండి. రెండోదానిలో వంటింట్లో పట్టండి. పక్కపక్కన పెట్టి రంగు, వాసన చూడండి. రెండు నిమిషాల పని. ఇది చేయకుండానే జనం వేలు పోసి ఫిల్టర్లు కొంటున్నారు.

రెండు గ్లాసుల్లోనూ నీళ్లు చెడుగానే ఉంటే

లోపం సరఫరాలో ఉంది. వేసవిలో కాలువలు కట్టేశాక మనకు వచ్చేవి ఊరి చెరువులో నిల్వ చేసిన నీళ్లు. నాచు వాసన అందుకే. కాలువ వదిలిన కొత్తలో బురద రంగు మామూలే. తేర్చి, వడకట్టి, మరిగించి తాగండి. పంచాయతీలో చెప్పండి. ఇక్కడ నా అవసరం లేదు.

టిన్ను నీళ్లే తాగుతున్నా కడుపు నొప్పి, విరేచనాలు

ఖాళీ టిన్ను లోపల వేలు పెట్టి రుద్దండి. జారితే అది పాచి. కొళాయి నీటిలో చివరి ఇంటి దగ్గర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని నిబంధన. ఆ కొంచెం క్లోరినే నీటికి కాపలా. ఊళ్లో ప్లాంటులో వడకట్టి సీలు లేకుండా ఇచ్చే నీటికి సాధారణంగా ఆ కాపలా ఉండదు. కడగని టిన్ను, చేయి ముంచిన గ్లాసు, ఎండలో పెట్టిన బండి, ఆ నీళ్లు చెడడానికి ఏదైనా చాలు. లవణాలు తీసేసిన నీటిని మనం 'మినరల్ వాటర్' అని పిలుచుకోవడం వేరే విచిత్రం. సీలు, లైసెన్సు నంబరు ఉన్న సీసా సంగతి వేరు, కానీ ఇంటిల్లిపాదీ రోజూ వాటి మీద బతకలేరు.

కుక్క, పిల్లి, చేపలు

మీకు పనికొచ్చే కొళాయి నీళ్లు కుక్కకూ పిల్లికీ పనికొస్తాయి. గిన్నెను రోజూ తోమండి; నీళ్లు మార్చి గిన్నె తోమకపోతే పాచి అలాగే ఉంటుంది. కుక్కను బోదెల్లో, నిలవ నీటిలో తాగనివ్వకండి. ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వరిచేల ఊళ్లలో తరచూ కనిపిస్తుంది. గాజు తొట్టెలో చేపలకు మాత్రం క్లోరిన్ విషం. క్లోరిన్‌ను విరిచే మందు చుక్కలు వేశాకే కొళాయి నీళ్లు పొయ్యండి.

గేటు దగ్గర బాగున్న నీళ్లు వంటింట్లో చెడితే

పై ట్యాంకు కడిగి చాలా రోజులైందా? ముందు కడగండి. కడిగినా తగ్గకపోతే అసలు దొంగ సంపు. ఈ దొంగ నన్నూ మోసం చేసింది.

కాలువ గట్టు పక్క ఒక ఇల్లు. ఇద్దరు పిల్లలకు తరచూ విరేచనాలు. మే నెలలో వెళ్లి సంపులో నీళ్లు తోడేసి చూశాను. అడుగు పొడిగా ఉంది, గచ్చు బాగుంది. సంపులో లోపం లేదన్నాను, టిన్ను నీళ్లు తాగమన్నాను. జులైలో మళ్లీ ఫోను. ఈసారి ముందు కుక్కకు వాంతులు, తరువాత పిల్లలకు. కుక్కకు పోసేవి వంటింటి నీళ్లు. పిల్లలు తాగేవి టిన్ను నీళ్లే అయినా పళ్లు తోమేది, కొత్తిమీర కడిగేది, ఆ టిన్నును కడిగేది కూడా సంపు నీళ్లతోనే.

నేను వెళ్లిన నెలే తప్పు. కాలువలు కట్టేసినప్పుడు భూమిలో నీటిమట్టం దిగిపోతుంది, పగులు నోరు మూసుకుని ఉంటుంది. సార్వాకు, అంటే వానాకాలం వరికి నీళ్లు వదిలి చేలు నిండాక మన నేలలో గజం లోతున నీళ్లు ఊరతాయి. మరుగుదొడ్డి గుంట ఆ నీటితో కలిసిపోతుంది. సంపు నిండుగా ఉంటే నీళ్లు కొద్దిగా బయటికి కారతాయి, ఎవరూ గమనించరు. మోటారు సంపును దింపగానే బయటి నీరు లోపలికి తోసుకొస్తుంది.

అందుకే ఈ పరీక్ష నాట్లప్పుడు గానీ, పెద్ద వాన తరువాత గానీ చేయండి. సాయంత్రం మోటారు వేసి సంపును జానెడు నీటి దాకా దింపండి. వీధి గొట్టం వాల్వు పూర్తిగా కట్టేయండి. సంపు నిండితే గొట్టాన్ని మూసే తేలే బంతిని నమ్మకండి. నీటి మట్టం దగ్గర మేకుతో గీత గీసి మూత పెట్టండి. రాత్రి ఎవరూ నీళ్లు తోడకూడదు. తెల్లవారి గీత మునిగితే బయటి నీరు వస్తోంది. నీరు గీత కిందికి దిగినా పగులు ఉన్నట్టే. ఎక్కువసార్లు నాకు దొరికింది గోడ మధ్యలో కాదు, గొట్టం గోడలోకి దూరే కంత దగ్గర. టీడీఎస్ పెన్ను (నీటిలో కరిగిన లవణాలను కొలిచేది) ఉంటే గేటు దగ్గర, సంపులో రెండు చోట్లా ముంచండి. అంకెలు బాగా తేడాగా ఉంటే అనుమానం బలపడుతుంది. అంకె తక్కువ కాబట్టి నీళ్లు మంచివనుకోకండి, ఆ పెన్నుకు క్రిములు కనిపించవు.

గచ్చు మరమ్మతు మాత్రం మే నెలలోనే నిలుస్తుంది. నీరు తోసుకొస్తుండగా సిమెంటు పూస్తే రెండు నెలల్లో పెచ్చులూడుతుంది. మూత చుట్టూ గట్టు నేలకు జానెడు ఎత్తు లేపండి. నా మాట వింటే సంపును ఇసుకతో పూడ్చి, దిమ్మె మీద వెయ్యి లీటర్ల ట్యాంకు పెట్టుకోండి. సంపు గుంటలోనే ప్లాస్టిక్ ట్యాంకు దింపే తెలివి వద్దు. వానాకాలంలో ఖాళీ అయితే అది పడవలా పైకి లేస్తుంది. మూత తీయగానే సంపులోకి దిగకండి, గాలి ఆడనివ్వండి, పైన ఒక మనిషి ఉండాలి.

మరమ్మతు అయ్యాక వెయ్యి లీటర్లకు 150 నుంచి 200 గ్రాముల మంచి బ్లీచింగ్ పొడి బకెట్లో కలిపి, తేరిన నీటిని సంపులో పొయ్యండి. ఒక రాత్రి ఉంచి మొత్తం పారబోయండి. ఆ నీళ్లు కుక్క గిన్నెలోకీ చేపల తొట్టెలోకీ పోకూడదు. తరువాత రోజువారీ నిల్వకు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాములు సరిపోతాయి. పొట్లం విప్పి ఏడాది దాటిన పొడి సున్నంతో సమానం.

పురుగుమందులు, లోహాలు, సముద్రం వైపు ఊళ్లలో బోరు ఉప్పు అంటారా? ఉప్పు నాలుకకే తెలుస్తుంది, మిగతావి తెలియకపోవచ్చు. అనుమానముంటే గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు సీసా పంపండి. క్రిములకు చిన్న పరీక్ష సీసా ఉంటుంది; అందులో నీళ్లు పోస్తే ఒకటి రెండు రోజుల్లో నల్లబడిందా, మళ్లీ సంపు దగ్గరికే రండి. ఈలోగా తాగే నీళ్లు తెర్లే దాకా మరిగించండి, కుక్కవి కూడా.