పల్లీల పొట్లం, సగం ఉల్లిపాయ: ద్రవ్యరాశి కేంద్రం పట్టుకోవడం ఇలా

ఇంటర్ ఫస్టియర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. శంకువు ద్రవ్యరాశి కేంద్రం (బరువంతా అక్కడే ఉన్నట్టు లెక్కేసుకోగల బిందువు) పీఠం నుంచి మూడో వంతు ఎత్తులోనా, నాలుగో వంతులోనా అని పరీక్ష ముందు వాళ్ళు పడే టెన్షన్ ఏటా చూస్తున్నాను. అందుకే ఆ పాఠం రోజు క్లాసుకి ఒక పల్లీల పొట్లం, ఒక ఉల్లిపాయ, చాకు పట్టుకెళ్తాను.

లెక్క మొదలుపెట్టే ముందు వస్తువుని తిప్పి చూడండి. అంతటా ఒకే సాంద్రత ఉంటే, దాన్ని అద్దంలో ప్రతిబింబంలా రెండు సగాలు చేసే తలం మీదే కేంద్రం ఉంటుంది. అలాంటి తలాలు రెండుంటే అవి కలిసే గీత మీద, మూడోది ఆ గీతను కోస్తే ఆ బిందువు దగ్గర. గోళం, ఘనం, స్తూపం ఇక్కడితో అయిపోయాయి, నడిమధ్యే. అక్కడ పదార్థం ఉండాలని కూడా లేదు: చేతి గాజు కేంద్రం ఖాళీలోనే ఉంటుంది.

శంకువు దగ్గర సౌష్ఠవం సగం దారి వరకే వస్తుంది. కేంద్రం అక్షం మీద ఉందని చెప్తుంది, ఎంత ఎత్తులోనో చెప్పదు. అప్పుడు పీఠానికి సమాంతరంగా పల్చటి ముక్కలు కోసినట్టు ఊహించి ఒక్క ప్రశ్న వేసుకోండి: కొస నుంచి దూరం రెట్టింపయితే ముక్క బరువు ఎన్ని రెట్లవుతుంది?

ఖాళీ పొట్లంలో ప్రతి ముక్కా కాగితం రింగు. చుట్టుకొలత రెట్టింపు కాబట్టి బరువూ రెట్టింపే. పల్లీలు అంచుదాకా నింపితే ముక్క నిండు బిళ్ళ, వైశాల్యం నాలుగు రెట్లు. సమాకలనం చేస్తే, అంటే ముక్కలన్నిటినీ కలిపి లెక్కేస్తే, కేంద్రం కొస నుంచి ఎత్తులో ఎన్నో వంతు దూరాన ఉంటుందో ఇలా వస్తుంది: ముక్కలన్నీ సమానమైతే 1/2, దూరంతో పాటు పెరిగితే 2/3, దూరం వర్గంతో పెరిగితే 3/4. పొట్లం ఎత్తు 12 సెం.మీ. అనుకుంటే కేంద్రం ఖాళీగా ఉన్నప్పుడు కొస నుంచి 8 సెం.మీ., నిండుగా ఉంటే (కాగితం బరువు వదిలేద్దాం) 9 సెం.మీ. అట్ట త్రిభుజానికి కూడా 2/3 వంతే. పిల్లలు దాన్నే ఘన శంకువుకి అంటగట్టి మార్కు పోగొట్టుకుంటారు.

ఇప్పుడు ఉల్లిపాయ. నాకు చాలా ఇష్టమైన భాగం ఇది. గుండ్రటిది చూసి సగానికి కోయండి. ఒక పొర తీస్తే అది బోలు అర్ధగోళం. దాన్ని బోర్లించి ఒకే ఎత్తున్న పట్టీలుగా చీల్చామనుకోండి. పైకి పోయేకొద్దీ పట్టీ చుట్టుకొలత తగ్గుతుంది, కానీ వాలు వల్ల వెడల్పు పెరుగుతుంది. రెండూ సరిగ్గా సరిపోయి పట్టీలన్నీ ఒకే వైశాల్యంతో వస్తాయి. కాబట్టి పొర కేంద్రం కోసిన ముఖం నుంచి దాని వ్యాసార్ధంలో సగం దూరాన ఉంటుంది.

పొరలన్నీ కలిస్తే ఘన అర్ధగోళం. పొర బరువు వ్యాసార్ధం వర్గంతో పెరుగుతుంది, అంటే పైన చూసిన 3/4 మళ్ళీ వచ్చింది. అందులో సగం 3/8. వ్యాసార్ధం 4 సెం.మీ. అయితే కేంద్రం కోసిన ముఖానికి 1.5 సెం.మీ. లోపల.

రెండు ఆకారాలు అతికిస్తే ఒక్కోదాని బరువంతా దాని కేంద్రం దగ్గరే ఉందనుకుని సగటు తీయండి. రంధ్రం చేస్తే ఆ భాగాన్ని మైనస్ బరువుగా తీసుకోండి.

బంకమట్టితో ఒకటి చేసి చూడండి. 4 సెం.మీ. వ్యాసార్ధమున్న రెండు అర్ధగోళాల చదును ముఖాల మీద అదే వ్యాసార్ధంతో శంకువులు నిలబెట్టండి, ఒకటి 6 సెం.మీ. ఎత్తు, ఇంకోటి 8. శంకువు ఎత్తు వ్యాసార్ధానికి 1.73 రెట్లు దాటితే ఉమ్మడి కేంద్రం అతుకు పైకి పోతుంది. అందుకే పక్కకి తోస్తే, కేంద్రం అతుకు కిందున్న మొదటి బొమ్మ లేచి నిలబడుతుంది, అతుకు పైనున్న రెండోది పడిపోతుంది.